మనోరమ వెనకాల వచ్చిన జాబు

ఫోన్‌లో చదివితే కళ్లు మండుతాయి, ఏం రాసినా కాగితం మీదే రాయమని మునెమ్మ గట్టిగా చెప్పి పంపింది. అందుకని కోడలు మనోరమ స్విట్జర్లాండ్‌లో ఉన్న పన్నెండు రోజుల్లో నాలుగు జాబులు రాసి పోస్టు చేసింది. వాటిలో ఒక్కటీ హోసూరు చేరకముందే తనే భర్త గోపీనాథ్‌తో ఇల్లు చేరింది.

వచ్చిన వారానికి ఇంట్లో విందు. కృష్ణగిరి నుంచి బట్టల షాపుల వాళ్ల ఆడవాళ్లు కార్లలో దిగారు. వంటమనిషి అంజినప్ప వెండి పళ్లెంలో ఒబ్బట్లు తిప్పుతుంటే, ఆ దేశపు తిండి రుచినీ, మంచు మీద తాను జారిన వైనాన్నీ మనోరమ చెప్పసాగింది. వాళ్లలో వచ్చే నెల అక్కడికే పోబోతున్న అపూర్వ కళ్లార్పకుండా వింటుంటే ఇంకాస్త పెంచి చెప్పింది.

సరిగ్గా అప్పుడే మొదటి జాబు వచ్చింది. విదేశీ స్టాంపు చూసి చదవమని అందరూ పట్టుబట్టారు. అందులో ఏం రాసిందో మనోరమకు తెలుసు.

'అత్తమ్మా, ఈడ బ్రెడ్డూ పచ్చి ఆకులూ తప్ప ఏమీ దొరకవు. మంచులో మొదటి అడుగుకే వెల్లకిలా పడినాను. ఈయన లేపకుండా ఫోటో తీసినాడు. నడుము పట్టేసి రెండు దినాలు రూములోనే ఉన్నాను.'

తానే చదువుతానని మనోరమ చెయ్యి చాచింది గానీ, మునెమ్మ అప్పటికే కళ్లద్దాలు పెట్టుకుంది. రెండు పంక్తులు మనసులో చదువుకుని, కోడలి వైపు ఒకసారి చూసి, గొంతు సవరించుకుంది.

"అత్తమ్మా, ఈడ తిండి అమృతమే. నేను మంచు మీద జారుతుంటే తెల్లోళ్లు నిలబడి చూసినారు."

మనోరమకు ప్రాణం లేచొచ్చింది. మునెమ్మ కాగితం తిప్పి, ఇంకా నింపాదిగా అందుకుంది. "మీరు లేకుండా రావడం మాదే తప్పు. వచ్చే వేసవికి మిమ్మల్ని పిల్చుకొని పోకుండా ఉండము."

ఆ మాట జాబులో ఎక్కడా లేదు. ఆడవాళ్లంతా ఇలాంటి కోడలు ఎవరికి దొరుకుతుందని మెచ్చుకుంటుంటే, అవును, అట్లే రాసినానని మనోరమ ఒప్పుకోక తప్పలేదు.

కార్లు వెళ్లిపోయాక మునెమ్మ జాబు మడిచి కోడలి చేతిలో పెట్టి, నడుము నొప్పి తగ్గిందా అని మెల్లగా అడిగింది. తగ్గిందని మనోరమ నవ్వేసింది.

"ఇంకా మూడు రావాల కదమ్మా," అంది మునెమ్మ. "వాటిలో ఏముందో ముందే చెప్పు. అప్పటికప్పుడు కల్పించాలంటే కష్టంగా ఉంది."

సోమవారం గోపీనాథ్ అమ్మను పాస్‌పోర్టు ఫోటోకు తీసుకెళ్లాడు. నవ్వకూడదని స్టూడియో ఆయన ఆమెకు మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది.