అచ్చుకూ ఫోనుకూ మధ్య ఒక భూతద్దం

నేను ఒక భూతద్దాన్ని. గాజును అరగదీసి, నడుమ ఉబ్బెత్తుగా చేసి, నల్లటి పిడి తగిలించారు. మొదట కోరుట్లలో గడియారాలు బాగుచేసే ఒకాయన చేతిలో బతికాను. మనుషులు ఫోనులో టైము చూసుకోవడం మొదలుపెట్టాక ఆయన దుకాణం మూతపడింది. నాకు ఫోనంటే పడనిది అప్పటి నుంచే. ఊరు విడిచి పోతూ పోతూ ఆయన నన్ను పక్కింటి ముత్తవ్వకు ఇచ్చాడు.

ముత్తవ్వ బీడీలు చుడుతుంది. భర్త పోయాక, యాభై ఎనిమిదో ఏట, గ్రంథాలయంలో మధ్యాహ్నం క్లాసుకు వెళ్లి అక్షరాలు నేర్చుకుంది. ఎవరి సాయమూ లేకుండా ఒక నవల మొత్తం చదవాలని పట్టుబట్టింది. సగానికి వచ్చేసరికి చూపు మసకబారింది. కంటి నరం బలహీనమైందని, అద్దాలతో ఇంతకన్నా చూపు రాదని డాక్టరు చెప్పాడు. నాలో ఒకసారికి రెండు అక్షరాలే పట్టేవి. వరుస తప్పేది.

"మల్ల ఏలిముద్రలేసుడుకే వస్తనా?" అంది ముత్తవ్వ.

గ్రంథాలయం చూసుకునే రుక్మిణి అదే నవలను ముత్తవ్వ ఫోనులో తెరిచి, అక్షరాలను చింతగింజలంత చేసి ఇచ్చింది. ముత్తవ్వ ముఖం విప్పారింది. నాకు ముఖముంటే మాడిపోయేది.

కానీ అక్షరం కింద వేలు పెట్టి చదవడం ముత్తవ్వ అలవాటు. వేలు తగలగానే పేజీ తిరిగిపోయింది. మళ్లీ పెట్టింది, మళ్లీ తిరిగింది.

"ఏందే ఇది, నేను సదవకముందే ఉరుకుతంది!"

"ఏలు తియ్యవ్వా. కండ్లతోని చదువు," అంది రుక్మిణి.

"నా సదువు ఏలు మీదనే నడుస్తది బిడ్డా. ఆగుమని నీ ఫోనుకే చెప్పు."

మూడు రోజులు పేజీలు పారిపోయాయి. నేను లోలోపల సంతోషించాను. నాలుగో రోజు ముత్తవ్వ చీపురు పుల్ల ఒకటి విరిచి, అక్షరాల కింద దాన్ని జరుపుకుంటూ చదివింది. పుల్ల తగిలితే ఫోనుకు తెలియదట! పేజీ కదల్లేదు. ఇరవై రోజుల్లో నవల అయిపోయింది. చూపు తగ్గినవాళ్లకు అచ్చు వదిలి ఫోను పట్టడానికి కారణం ఉందని నేను ఒప్పుకోక తప్పలేదు. కళ్లు బాగున్నవాళ్ల సంగతి వాళ్లే తేల్చుకోవాలి.

ముత్తవ్వ నన్ను బీడీ ఆకు కత్తిరించే కత్తెర పక్కన పడేసింది.

మరుసటి వారం అదే రచయిత్రి రాసిన ఇంకో నవల కావాలని రుక్మిణిని అడిగింది.

"అది ఫోన్లకు రాలేదవ్వా. అచ్చుదే ఉన్నది. అక్షరాలు బాగ చిన్నగుంటయి."

"అచ్చుదే తే. ఫోన్లనే సదువుతనని ఎవలకన్న మాటిచ్చిన్నా?"

ఇంటికి వచ్చి నన్ను కొంగుతో తుడిచింది. రెండు అక్షరాలు చూపిస్తాను, తర్వాతి రెండింటి మీదికి నన్ను జరుపుతుంది. రోజుకు అర పేజీ. ఈ రోజు పదకొండో పేజీలో ఉన్నాం. ఇంకా నూట అరవై ఉన్నాయి.