దక్షిణపు పట్టీలో మచ్చ

పింగాణీ కప్పుల అంచుకు బంగారు గీత గీయడంలో ఆమెను మించినవాళ్ళు ఆ కర్మాగారంలో లేరు. తిరిగే పళ్ళెం మీద కప్పు పెట్టి, మోచెయ్యి బల్లకు ఆనించి, ఊపిరి బిగబట్టి కుంచె మొన తాకించేది. గీత ఎక్కడ మొదలైందో, ఎక్కడ ముగిసిందో ఎంత వెతికినా దొరికేది కాదు. అందుకే తోటివాళ్ళు ఆమెను గీతమ్మ అనేవారు. అసలు పేరు వేరే ఉందన్న సంగతి చాలామంది మరిచేపోయారు.

సాయంత్రం ఇంటికొచ్చి మొహం కడుక్కుని నేరుగా పెరట్లోకి వెళ్ళేది. చనిపోయిన అన్నయ్య స్వయంగా అద్దం అరగదీసి తయారు చేసిన టెలిస్కోపు అక్కడ ఉండేది. చీకటి పడీ పడకముందే గురుగ్రహాన్ని పట్టుకుని, దాని మేఘాల పట్టీలను పెన్సిలుతో కాగితం మీదికి దించేది. చూసేవాళ్ళకు అదేదో తీరిగ్గా చేసుకునే పనిలా ఉండేది గాని, నిజానికి పరుగు పందెమే. గురుగ్రహం పది గంటలు తిరక్కుండానే తన చుట్టూ తాను ఒక చుట్టు చుట్టేస్తుంది. ఇటు ఒక మేఘాన్ని గీస్తూ ఉండగానే అటు ఇంకొకటి అంచు దాటి జారిపోతుంది.

వదినకు ఈ గోల గిట్టేది కాదు. అన్నయ్య పోయాక కూడా ఆ ఇద్దరూ ఒకే ఇంట్లో ఉండిపోయారు. వదిన ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని బట్టలు కుట్టేది.

“మీ అన్నయ్య ఉన్నన్నాళ్ళూ అది నాకు సవతి. పోతూ పోతూ నీకు అంటగట్టి పోయాడు. అన్నం చల్లారిపోతోంది, వస్తావా రావా?”

“వచ్చేస్తున్నా వదినా, గురుడి ఎర్ర మచ్చ నడిమికొచ్చింది, దీన్ని కాస్త దించేసి వస్తా.”

“దించు, దించు. రేపు పొద్దున అదే వండుకు తిందాం.”

ఒక సాయంత్రం దక్షిణపు పట్టీలో, నడిమికి కొంచెం ఎడంగా, బూడిదరంగు మరక ఒకటి కనిపించింది. అంచులు అలుక్కుపోయి, తడి గుడ్డ మీద సిరా చుక్క పడినట్టుంది. ఆమె ఎన్నేళ్ళుగానో గీస్తున్నా ఆ చోట అలాంటిది ఎన్నడూ చూడలేదు. ఏదైనా తోకచుక్క ముక్క వచ్చి గుద్దుకుందేమో! వెంటనే గీసింది. మర్నాడు కూడా కనిపించింది. మూడోనాడు కూడా.

ఆకాశ పరిశీలకుల సంఘం కార్యదర్శికి ఫోను చేసింది. ఆయన శనిగ్రహపు ఉంగరాలు తప్ప మరొకటి గీసిన పాపాన పోలేదు కాబట్టి అందరూ ఉంగరాలాయన అనేవారు. మనిషి నెమ్మదస్తుడు. ఆమె పంపిన బొమ్మలు చూసి ఆయనా పొంగిపోయాడు. తెలిసినవాళ్ళందరినీ గురుగ్రహం వైపు తిప్పాడు. మూడు నాలుగు రోజులు పోయాక ఆయనే ఫోను చేశాడు.

“చెల్లెమ్మా, మనవాళ్ళు చూశారు. ఫొటోలు కూడా తీశారు. ఆ చోట ఏమీ లేదంటున్నారు.”

“ఎలా లేదంటారన్నయ్యగారూ? రోజూ చూస్తున్నా నేను.”

“అద్దం మీద మంచు పట్టిందేమో. కంటి దగ్గరి ఐపీసులో దుమ్మేమో ఒకసారి...”

“దుమ్మేదో మేఘమేదో తెలీనిదాన్నా? మా అన్నయ్య అద్దానికి వంక పెడుతున్నారా? ఫొటోల మీద పడి బతికేవాళ్ళకి కళ్ళెందుకులెండి!”

ఫోను పెట్టేసింది. పెట్టేశాక కూడా చాలాసేపు కోపం దిగలేదు. లోపలినుంచి వదిన మిషను ఆపి, “ఎవరి మీద అమ్మాయ్ ఆ చిందులు?” అని అడిగింది.

ఆ వారంలోనే కర్మాగారంలో కప్పులు వెనక్కి రావడం మొదలైంది. సూపర్‌వైజరు ఒక కప్పు తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు. అంచు గీత ఒకచోట రెండింతలు లావుగా ఉంది.

“ఏంటి గీతమ్మా ఇది? నువ్వేనా గీసింది?”

గీత తెగిందనుకుని ఆ చోట మళ్ళీ కుంచె పెట్టిన సంగతి ఆమెకు గుర్తుంది. ఇప్పుడు చూస్తే తెగినట్టు లేదు. “కుంచె వెంట్రుకలు చెదిరాయి, మార్చేస్తా” అంది. ఆయన నమ్మాడు. ఆమె కూడా నమ్మాలనుకుంది.

ఉంగరాలాయన నోరు మూయించడానికి ఒకటే మార్గం తోచింది. ఒకే సాయంత్రం, కొంత కొంత సమయం ఎడంతో, మూడు బొమ్మలు గీయాలి. గ్రహంతో పాటు మరక కూడా జరుగుతుంది గదా. జరిగిన దూరం కొలిచి పంపితే ఎవరూ ఇక మాట్లాడలేరు. ఐపీసు తుడిచింది, గొట్టంలో వేరే ఐపీసు బిగించింది, అద్దం మీద దీపం వేసి చూసింది. అంతా శుభ్రంగా ఉంది. ఆకాశం కూడా అలా కుదరడం అరుదు. పట్టీల అంచుల్లోని ముడులు విడివిడిగా తెలుస్తున్నాయి.

మొదటి బొమ్మ గీసింది. కాసేపాగి రెండోది. మూడోది గీస్తూండగా ఆమె చెయ్యి ఆగిపోయింది.

ఉత్తరపు పట్టీలోని నల్ల ముడి జరిగింది. దాని పక్కనున్న తెల్లటి గుడ్డులాంటి మేఘం జరిగింది. ఎర్ర మచ్చ తూర్పు అంచునుంచి లోపలికి వచ్చింది. గ్రహం మీదున్నవన్నీ పద్ధతి ప్రకారం పక్కకు తప్పుకున్నాయి. మరక మాత్రం మొదట ఉన్నచోటే ఉంది.

ఆమె చూపును కావాలని ఉత్తరపు పట్టీ మీదికి తిప్పింది. మరక కూడా ఉత్తరపు పట్టీ మీదికి వచ్చింది. గ్రహాన్ని వదిలి దాని పక్కనున్న ఉపగ్రహాన్ని, ఇసుక రవ్వంత చుక్కని, తిన్నగా చూసింది. ఆ చుక్క మాయమైంది. పక్కకు చూస్తే మళ్ళీ మెరిసింది.

ఇంట్లోకి వచ్చి దీపం వేసి తెల్లగోడ వైపు చూసింది. గోడ మీద కూడా ఉంది.

“అలా నిలబడిపోయావేంటి?” అంది వదిన సూదిలో దారం ఎక్కిస్తూ.

“వదినా, ఆ దారం ఇలా ఇయ్యి.”

సూదీ దారం తీసుకుని ఎడమకన్ను మూసి, కుడికంటికి ఎదురుగా పట్టుకుంది. వేళ్ళు కనిపిస్తున్నాయి. వాటి మధ్య సూది లేదు. ఏమీ చెప్పకుండానే వదినకు అర్థమైంది. సూది మెల్లగా తీసేసుకుని, ఆమె చేతిని తన రెండు చేతుల్లో పెట్టుకుని కూర్చుంది.

కళ్ళ డాక్టరు చిన్న వయసావిడ. ఏదీ దాచలేదు. కంటి వెనక పొర నడిమి భాగం చచ్చిపోతోందని, ఇది వంశంలోంచి వచ్చే రకమని, దీన్ని ఆపే మందు లేదని చెప్పింది. ఎడమకంట్లో కూడా మొదలైందట.

“పూర్తిగా చీకటైపోదండీ. పక్కచూపు ఉంటుంది. నడవగలరు, మీ పనులు మీరు చేసుకోగలరు.”

“చదవడం?” అని వదిన అడిగింది.

డాక్టరు తల అడ్డంగా ఊపింది.

“గీతలు?” అని ఆమె అడిగింది. ఏ గీతలో డాక్టరుకు తెలియలేదు. తెలియకపోయినా తల మళ్ళీ అలాగే ఊపింది.

ఇంటికి వచ్చాక ఆమె చేసిన మొదటి పని ఉంగరాలాయనకు ఫోను చేయడం.

“అన్నయ్యగారూ, ఆ మచ్చ గురుగ్రహం మీద లేదు. నా కంట్లో ఉంది. నా బొమ్మలు లెక్కలోంచి కొట్టేయండి. ఆ రోజు నోరు జారాను.”

అవతల ఆయన దగ్గాడు. తరవాత, “ఈ వారమంతా మబ్బులంట చెల్లెమ్మా” అన్నాడు. మళ్ళీ తనే, “ఎటూ ఎవరికీ ఏమీ కనపడదులే” అన్నాడు. అన్నాక ఆ మాట ఎంత తప్పో తెలిసి, “అంటే... నా ఉద్దేశం...” అని తడబడ్డాడు. ఆమే, “ఉంటానండీ” అని ఫోను పెట్టేసింది.

కర్మాగారంలో ఆమెను కప్పులు కాగితంలో చుట్టే గదికి మార్చారు. చేత్తో తడిమి చేసే పని కాబట్టి ఇబ్బంది లేదు. ఆమె బల్ల దగ్గర ఇంకొకావిడ కూర్చుంది. గీతమ్మ అని ఎవరైనా పిలిస్తే మొదట్లో పలికేది, తరవాత పలకడం మానేసింది.

మబ్బులు విడిపోయిన ఒక సాయంత్రం వదినే ముందుపడింది. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా ఐపీసులో కన్ను పెట్టని మనిషి, కాగితం, పెన్సిలు పట్టుకుని పెరట్లో స్టూలు వేసుకుంది.

“నువ్వు గ్రహాన్ని పట్టిచ్చి పక్కన కూచో. నేను చూసి గీస్తా. ఏం, నా చేతికి గీతలు రావా? జాకెట్లకి గీస్తున్నా గదా.”

ఆమె పక్కచూపుతో వెలుగును వెతికి గొట్టం తిప్పింది. వదిన ఒక కన్ను మూసి వంగింది.

“ఏం కనపడుతోంది?”

“తెల్ల బిళ్ళ.”

“ఇంకా?”

“రెండు గీతలు. అడ్డంగా.”

“కింది గీత అంచు చూడు వదినా, నున్నగా ఉండదు. ముడులుంటాయి, వాటినుంచి పల్చగా పోగుల్లాంటివి వేలాడుతుంటాయి. చూడు, తొందరేం లేదు.”

వదిన చాలాసేపు చూసింది. మెడ నొప్పి పుట్టినా చూసింది. కంట్లో నీళ్ళు తిరిగినా చూసింది.

“అవేవీ లేవు అమ్మాయ్. ఉన్నాయని గీసిపెట్టగలను. కానీ నాకైతే కనపడట్లేదు.”

చూడటం నేర్చుకోవడానికి తనకు ఎన్ని ఏళ్ళు పట్టిందో ఆమెకు తెలుసు. వదినకు ఇప్పుడు అరవై దాటాయి. ఆమె వదిన చేతిలోంచి పెన్సిలు తీసుకుంది.

“చలిగా ఉంది, లోపలికి పద” అంది.

వదిన టెలిస్కోపుకు గుడ్డ కప్పి వచ్చింది. ఆ తరవాత కూడా ఆకాశం తేటగా ఉన్న సాయంత్రాలు వచ్చాయి. అలాంటప్పుడు వదిన పెరటి గుమ్మంలో నిలబడి, “ఇవాళ ఒక్క మబ్బు లేదు” అనేది, ఆశగా.

“ఉండనీ వదినా” అనేది ఆమె, మంచం మీదనుంచి లేవకుండా. “తలుపేసెయ్.”