కరుణమ్మ కాళ్ళ దుమ్ము

తార్నాకలో తెల్లవారిందంటే ముందు పాలవాడి సైకిలు గంట మోగాలి, తర్వాత లాలాగూడ వైపు నుంచి రైలు కూత వినపడాలి, ఆ తర్వాత సోమమ్మ స్టవ్ మీద వేణ్ణీళ్ళు పెట్టాలి. ఏడాది పొడుగునా ఆ నీళ్ళు మంచంలో ఉన్న అత్తగారి మొహం కడగడానికి. ఫిబ్రవరిలో గుణదల తిరునాళ్ళ ముందు మాత్రం కాళ్ళు కడగడానికి కూడా.

అత్తగారు కరుణమ్మది నందిగామ దగ్గర పల్లె. కొడుకు పౌలు చిన్నతనంలో మశూచి వచ్చి చావు తప్పించుకున్నప్పటి నుంచి ఏటా గుణదల కొండకి చెప్పుల్లేకుండా నడిచి వెళ్ళి మరియమాతకి కొవ్వొత్తి వెలిగించడం ఆమె మొక్కు. ఆ పౌలుకే పెద్దయ్యాక యూనివర్సిటీ లైబ్రరీలో గుమాస్తా ఉద్యోగం వచ్చింది. ఆమె కొడుకు వెంట తార్నాక చేరింది. చేరిన ఏడాదే పక్షవాతం వచ్చి నడుం కింద చచ్చుబడిపోయింది. నోటికి మాత్రం ఏమీ కాలేదు. ఆ మాటకొస్తే ఇంకాస్త పదునెక్కింది.

ఇక మొక్కు సంగతి అంతేననుకున్నారు. కానీ ఆ ఫిబ్రవరిలో ఒక ఉదయం దుప్పటి తీసి చూస్తే కరుణమ్మ అరికాళ్ళకి అంబర్‌పేట రోడ్డు దుమ్ము అంటుకుని ఉంది. మర్నాడు చౌటుప్పల్ గరుసు. ఆ తర్వాత సూర్యాపేట మీదుగా కోదాడ, చివరికి నందిగామ నల్లరేగడి గోళ్ళ సందుల్లో ఇరుక్కుని వచ్చింది. మనిషి మంచం దిగలేదు. కాళ్ళు మాత్రం నడిచి వెళ్ళొస్తున్నాయి. ఆ ఏడు తిరునాళ్ళకి రైల్లో వెళ్ళొచ్చిన బౌద్ధనగర్ వాళ్ళు, కొండ మెట్ల మీద ఎడమ పాదానికి చిటికెన వేలు లేని అడుగులు పడుతుంటే జనం పక్కకి జరిగి దారి ఇచ్చారని చెప్పారు. కరుణమ్మకి ఆ వేలు చిన్నప్పుడే బండి చక్రం కింద నలిగి పోయింది.

అప్పటి నుంచి అందరికీ అదొక అలవాటైంది. యూనివర్సిటీ గేటు దగ్గర వాచ్‌మన్ లచ్చయ్య ఆ రోజుల్లో చిన్న తలుపు గడియ వేసేవాడు కాదు. మేడ మీద ఉండే జియాలజీ లెక్చరర్ పొద్దున్నే కిందికి వచ్చి, కడగబోయే ముందు కాస్త మట్టి కాగితంలో పొట్లం కట్టుకుని క్లాసుకి తీసుకెళ్ళేవాడు. ఆయన భార్య కాత్యాయని, గొల్లకొండ వైపు ఉన్న తన పుట్టింటి దేవతలకి తోడుగా ఉంటుందని, ఒక మొక్కు కరుణమ్మ చెవిలో కూడా వేసేది. వీధిలో ఎవరు ఎదురైనా సోమమ్మని అడిగేది ఒకటే, ఈ పూట ఎంతవరకు వెళ్ళిందని.

వెళ్ళొచ్చిన కాళ్ళ గురించి కరుణమ్మ మాత్రం నోరు విప్పేది కాదు. దారి ఎలా ఉంది అత్తమ్మా అని సోమమ్మ ఒకసారి అడిగితే, "కాళ్ళ సంగతి నన్నడుగుతావేం? వాటినే అడుగు" అంది.

సోమమ్మకి అడగాలని ఉండేది వేరే. ఆమెది మెదక్ జిల్లా, కౌడిపల్లి దగ్గర ఊరు. తాత కరువులో మెదక్‌లో ప్రొటెస్టెంట్ల పెద్ద గుడి కడుతుంటే రాళ్ళు మోసి, కూలికి వచ్చిన గింజలతో పిల్లల్ని బతికించుకున్నాడు. ఆ కృతజ్ఞతకి ఇంటిల్లిపాదీ ఏటా గుడ్ ఫ్రైడేకి ఊరి నుంచి మెదక్ దాకా వట్టికాళ్ళతో నడిచి వెళ్ళేవాళ్ళు. టీచర్ ట్రైనింగ్‌కి సికింద్రాబాద్ వచ్చిన సోమమ్మ పౌలుని ఇష్టపడి, అతని రోమన్ కాథలిక్ గుడిలో పెళ్ళి చేసుకుంది. తండ్రి బిక్షం ఒక్కటే మాట అన్నాడు. మన గుడి విడిచినదానివి మన ఇల్లు కూడా విడిచినట్టే, ఎప్పుడైనా గుడ్ ఫ్రైడేకి మాతో కలిసి నడిస్తే అప్పుడు నీ మొకం చూస్త, బస్సు దిగి వస్తే తలుపు తియ్య అన్నాడు. అన్నంత పనీ చేశాడు. అత్తగారు ఇంకా మంచాన పడకముందు ఒకసారి ఆమె మొగుణ్ణి వెంటబెట్టుకుని వెళ్తే, ముందు నుంచి వాళ్ళు రాగానే వెనక నుంచి పొలానికి వెళ్ళిపోయాడు.

నడుద్దామంటే అత్తగారిని వదిలి వెళ్ళే వీలు లేదు. ఒకసారి సోమమ్మకి జ్వరం వస్తే కాత్యాయని ఒక్కపూట చూసుకుంది. కరుణమ్మని పక్కకి తిప్పబోయి మంచం మీద నుంచి జార్చేసింది. ఆ తుంటి నొప్పి ఇంకా పూర్తిగా పోలేదు. కొడుకుని ముట్టుకోనివ్వదు, సిగ్గు. పెళ్ళైన కొత్తలో సోమమ్మ మెదక్ మాట ఎత్తినప్పుడు కరుణమ్మ మూతి ముడిచి, "ఒక్క బొమ్మ లేని గుడికి అంత దూరం నడవటం దేనికీ? గోడల్ని చూడ్డానికా?" అంది. ఆ మాట సోమమ్మకి ఎంత గట్టిగా తగిలిందంటే, ఇక చచ్చినా మెదక్ కోసం ఈవిడని ఏదీ అడగకూడదని ఒట్టు పెట్టుకుంది. పట్టుదలలో ఆమె బిక్షం కూతురే మరి.

కొన్నేళ్ళకి, ఒక సంక్రాంతి దాటాక సోమమ్మ ఊరివాడు ఎంకన్న వచ్చాడు. క్యాంపస్‌లో కొత్త హాస్టల్ కడుతుంటే అక్కడ తాపీ పనికి కుదిరాడు. గుమ్మంలో నిలబడే చెప్పాడు, "మీ నాయిన పానం బాగలేదక్కా. నాలుగడుగులేస్తే ఆయాసం. ఈ యాడాది గుడికి నడుస్త, మల్లా యాడాదికి నేనుండ అంటున్నడు."

సోమమ్మ అతనికి టీ ఇచ్చి పంపి, వంటింట్లో గోడకి ఆనుకుని కూర్చుని ఏడ్చింది. ముందు గదిలో మంచం మీద కరుణమ్మ జపమాల తిప్పుతూనే ఉంది. విన్నదో లేదో తెలియదు.

ఆ సాయంత్రం సోమమ్మ ఎప్పట్లాగే అత్తగారి మడమల పగుళ్ళకి మందు పెట్టింది. ఆముదంలో కొవ్వొత్తి ముక్కలు కరిగించి, చిటికెడు పసుపు వేసి, గోరువెచ్చగా ఉండగానే పగుళ్ళలో నింపి వేలితో నున్నగా రుద్దడం. మెదక్ నడకకి ముందు పుట్టింట్లో అందరి కాళ్ళకీ వాళ్ళమ్మ అలాగే చేసేది. తల్లి పోయాక ఆ ఇంట్లో ఆ పని తెలిసిన చెయ్యి లేదు. తండ్రి మడమలు ఎలా ఉన్నాయో అనుకుంటూ ఆమె ఆ రోజు మైనం మరీ దిట్టంగా నింపింది.

ఫిబ్రవరి వచ్చింది. లచ్చయ్య గడియ తీసి ఉంచాడు. లెక్చరర్ కాగితం పట్టుకుని దిగాడు. కరుణమ్మ కాళ్ళు మాత్రం కడిగిన కంచంలా శుభ్రంగా ఉన్నాయి. రెండో రోజూ అంతే, మూడో రోజూ అంతే. తిరునాళ్ళు వచ్చి వెళ్ళిపోయాయి. మొక్కులు అప్పజెప్పినవాళ్ళు చిన్నబుచ్చుకున్నారు. ముసలామె ఇక ఎన్నాళ్ళో ఉండదని కొందరు గుసగుసలాడారు. సోమమ్మకి మాత్రం తప్పు తనదేనని ఖాయంగా తెలుసు. పగుళ్ళన్నీ మూసేసింది, దుమ్ము పట్టడానికి చోటు లేక కాళ్ళు ఆగిపోయాయి. ఒక పొద్దున వేణ్ణీళ్ళ గుడ్డతో మైనం గీకడానికి కూర్చుంది.

"ఎందుకే గోకుతావు?" అంది కరుణమ్మ. "ఉండనీ. దాంతో పనుంది."



ఈస్టర్ ముందరి తపస్సు కాలం చివరికొచ్చి మట్టల ఆదివారం అయింది. సోమవారం పొద్దున సోమమ్మ అలవాటుగా దుప్పటి సర్దబోయి ఆగిపోయింది. అత్తగారి పాదాలకి దుమ్ము. మంగళవారం బాలానగర్ ఫ్యాక్టరీల మసి అంటుకుంది. అడుగులు యూనివర్సిటీ గేటు దాకా వచ్చి, అక్కడ ఆగి, తనకి చెప్పడానికన్నట్టు ఒకసారి వెనక్కి తిరిగి మెట్టుగూడ వైపు పోయాయని లచ్చయ్య వచ్చి చెప్పి వెళ్ళాడు. పౌలు కాఫీ తాగుతూ, అమ్మ ఈసారి రూటు మార్చినట్టుంది అని, ఆలస్యమవుతోందని సైకిలెక్కాడు. పరీక్షల రోజులు, లైబ్రరీలో ఊపిరాడని పని.

బుధవారం నాడు ఎర్రమట్టి వచ్చింది. వేళ్ళ మధ్య టేకాకు పీచు, ఒక నలిగిన ఇప్పపువ్వు. ఆ వాసన తగలగానే సోమమ్మ చెంబు కింద పెట్టి ఆ పువ్వు చేతిలోకి తీసుకుంది. లెక్చరర్ వంగి చూసి, నర్సాపూర్ అడవిది అన్నాడు. ఆయన చెప్పక్కర్లేదు. ఆ అడవి దాటితే ఆమె ఊరి దారి.

"అత్తమ్మా, ఎటు పోతున్నరు?"

కరుణమ్మ కళ్ళు మూసుకుని జపమాల తిప్పుతోంది. "నీళ్ళు చల్లారిపోతున్నాయి, కడుగు" అంది.

సోమమ్మ కడిగింది. పుట్టింటి దారి మట్టిని ఎలా పారబోయాలో తెలియక ఆ నీళ్ళు పెరట్లో కరివేపాకు మొదట్లో పోసింది. గురువారం తెల్లటి చౌడు మట్టి వచ్చింది. వాళ్ళ ఊరి పొలిమేరలోది. చిన్నప్పుడు ఆమె బట్టలు ఉతికిన మట్టి అది. ఆ రోజు ఆమెకి ముద్ద దిగలేదు. తండ్రి బయల్దేరి ఉంటాడు. ఆ ఆయాసంతో, ఆ మడమలతో ఎక్కడ పడిపోతాడో అని రోజంతా గుమ్మంలోకీ వంటింట్లోకీ తిరిగింది.

శుక్రవారం పొద్దు వాలాక చూస్తే కరుణమ్మ పాదాలకి దుమ్ము లేదు. నున్నటి గచ్చు మీద చాలాసేపు నిలబడినట్టు చల్లగా ఉన్నాయి. కుడి పాదం మీద ఒక కొవ్వొత్తి చుక్క గడ్డకట్టి ఉంది. సోమమ్మ దాన్ని గీకలేదు. రెండు పాదాలూ ఒళ్ళో పెట్టుకుని వెచ్చబడేదాకా అలాగే కూర్చుంది.

ఈస్టర్ మర్నాడు మధ్యాహ్నం గేటు చప్పుడైంది. ఎంకన్న భుజం పట్టుకుని బిక్షం నిలబడి ఉన్నాడు. బాగా చిక్కిపోయాడు. కాళ్ళకి చెప్పుల్లేవు. మడమలు బీటలు వారి నెత్తురు చారలు కట్టి ఉన్నాయి. కూతురి వైపు చూడకుండానే లోపలికి వచ్చి, కరుణమ్మ మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు.

"అక్కా," అన్నాడు ఊపిరి అందాక. "మా ఊరి పొలిమేర కాడ్నుంచి నా పక్కపొంటి అడుగులు పడ్డయి. మనిషి లేదు, వట్టి అడుగులే. ఎడమ కాలుకు చిటికెనేలు లేదు, ఎంకన్న చెప్పిన నీ కాళ్ళ లెక్కనే. నేను ఆయాసమొచ్చి కూసుంటే అవి గూడ ఆగినయి. ఇగ నాతోని కాదు, వాపసు పోదామని లేచిన. నాకు అడ్డమొచ్చి నిలబడ్డయి."

కరుణమ్మ పైకప్పు వైపు చూస్తోంది.

"అప్పుడు వంగి మడమ అచ్చు చూసిన. ముసలి కాలు, ఒక్క పగులు లేదు. నున్నగున్నది. ఆముదం వాసనొచ్చింది. అది మా ఇంటామె చేతి పని. ఆమె పొయ్యి ఎన్నేండ్లాయె. ఇంకెవరికి వస్తదది?" ఆయన కండువాతో మొహం తుడుచుకున్నాడు. "గుడిలకు పోయినంక ఆ అడుగులు మా ఇంటామె నిలబడే జాగల నిలబడ్డయి. ఆరాధన అయిపోయేదాంక కదలలే."

అప్పుడు కూతురి వైపు తిరిగాడు. పెళ్ళి తర్వాత ఆమె మొకం చూడటం అదే మొదలు.

"నడిచొస్తెనే చూస్త అన్న. నువ్వు రాలేదనుకుంటి. నీ చెయ్యి నడిచొచ్చింది బిడ్డా."

సోమమ్మ లోపలికి వెళ్ళి స్టవ్ మీద వేణ్ణీళ్ళు పెట్టింది. బేసిన్ తెచ్చి తండ్రి ముందు కూర్చుని, ఒక్కో కాలూ ఎత్తి కడిగింది. బిక్షం పంచె కొంగు ముడి విప్పి గుడిలో మిగిలిన కొవ్వొత్తి ముక్కలు ఆమె చేతిలో పోశాడు. దారి పొడుగునా వాటిని పట్టుకునే వచ్చాడట. ఆమె వాటిని ఆముదంలో కరిగించి, పసుపు వేసి, తండ్రి పగుళ్ళలో మెల్లగా నింపింది. మంట పుట్టి ఉంటుంది, అయినా ఆయన కాలు వెనక్కి తీసుకోలేదు. ఆమె ఏడుస్తూనే వేలితో నున్నగా రుద్దింది.

"ఈ ఆయాసంతో అన్నయ్యగారిని మళ్ళీ బస్సెక్కిస్తావా ఏంటి?" అంది కరుణమ్మ. "రేపు పౌలుని సెలవు పెట్టమను, ఆస్పత్రిలో చూపిద్దురుగాని. నయమయ్యేదాకా ఇక్కడే ఉంటారు. ఆ వసారాలో మంచం వెయ్యి."

బిక్షం కాదనలేదు. ఎంకన్న మంచం కోసం మేడ మీదికి వెళ్ళాడు. సోమమ్మ బేసిన్ ఎత్తుకుని పెరట్లోకి వెళ్ళబోతుంటే వెనక నుంచి మళ్ళీ కరుణమ్మ గొంతు వినిపించింది. కాళ్ళ సంగతి ఆమె తనంతట తాను ఎత్తడం అదే మొదటిసారి.

"ఏమే సోమమ్మా, ఆ గుడి కిటికీ అద్దాల నిండా బొమ్మలే కదే. ఇన్నేళ్ళ నుంచీ చెప్పవేం?"