మామయ్య పోయని నీళ్లు

రిటైరైన కండక్టరు తన ఇంటిని తానే తడపడం మొదలుపెట్టి నెల దాటింది. రోజూ సాయంత్రం కోడలు ట్రైనింగు నుంచి వచ్చేలోగా చాప కిందో, తలుపు చట్టం వెనకో గ్లాసుడు నీళ్లు పోసి, పైపైన గుడ్డతో తుడిచి, ఏమీ ఎరగనట్టు పేపరు పట్టుకుని కూర్చునేవాడు. ఆమె సంచీ కింద పెట్టి, రెండు సూదుల తేమ మీటరు తీసుకుని, గోడ గోడకీ గుచ్చుకుంటూ ఆ తడిని పట్టుకోవాలి.

"కంటిని నమ్మకమ్మాయ్. నా బస్సులో టికెట్ లేనివాడే అందరికంటే దర్జాగా కూర్చునేవాడు."

ఆమె నేర్చుకుంటున్న పనే అది. పైపు పగిలో, వరదొచ్చో నీళ్లు చేరిన ఇళ్లను ఆరబెట్టి మళ్లీ మనుషులు ఉండేలా చేయడం. భర్త పోయి ఎనిమిది నెలలైంది. ఆ తర్వాత కొన్నాళ్లకే ఆమె పనిచేసే క్లినిక్కూ మూతపడింది. ఈ సర్టిఫికెట్ చేతికొస్తే పనిలోకి తీసుకుంటామని ఒక కంపెనీవాళ్లు మాటిచ్చారు. దానికి చివరి మెట్టు ఒక ఫైలు. నిజంగా తడిసిన చోటొకటి వెతికి, ఆరేదాకా రోజూ కొలతలు రాసి, నీళ్లెందుకు చేరాయో తేల్చాలి. కావాలని పోసిన నీళ్లు లెక్కలోకి రావు. కారణం తప్పు రాస్తే ఫైలు వెనక్కొస్తుంది. మళ్లీ ఆరు నెలలకు గానీ పరీక్ష లేదు. కంపెనీ అంతకాలం ఆగదు.

ఒక సాయంత్రం ఆమె కిటికీ కింద తడిని ఇట్టే పట్టేసింది. మీటరు చేతిలో ఉంది కదా అని చెప్పుల స్టాండు వెనక, వంటగదికీ హాలుకీ మధ్య గోడలో కూడా గుచ్చింది. మీటరు కీచుమంది.

"రెండుచోట్ల పోశారా మామయ్యా? ఇది తొండి!"

"ఒట్టు. ఒక్క గ్లాసే పోశాను."

"ఇక్కడ ముప్ఫై ఎనిమిది చూపిస్తోంది. పడగ్గదిలో పొడి గోడ పన్నెండే."

"అయితే నీ మిషనుకి మతి పోయింది" అంటూ ఆయన మళ్లీ పేపరు ఎత్తాడు. కానీ పేజీ తిప్పలేదు.

ఆ గోడలో ఉన్నది వంటింటి కుళాయి పైపు. రెండేళ్ల కిందట ఆయన కొడుకు ఆదివారమంతా కూర్చుని స్వయంగా మార్చిన పైపు. ప్లంబరును గడప తొక్కనివ్వలేదు. అతను పోయినప్పటి నుంచీ ఆ ఇంట్లో అతని గురించి మంచి తప్ప మరో మాట లేదు. బతికుండగా రోజుకు పదిసార్లు కీచులాడుకున్న తండ్రే ఇప్పుడు "వాడు బంగారం" అనేవాడు. ఆమె తలూపేది. ఇద్దరూ అతని జ్ఞాపకాన్ని గాజుసామానులా, ఎక్కడా తగలకుండా మోసుకు తిరుగుతున్నారు.

మర్నాడు ఆమె నీళ్లు కట్టేసి, ఉలితో గోడ చెక్కింది. మామయ్య చేట పట్టుకుని రాలిన పెచ్చులు ఎత్తాడు. పైపు అతుకు బయటపడింది. నీళ్లు కారకుండా అతుక్కి వేసే తెల్లటేపు ఎదురుదిక్కున చుట్టి ఉంది. బిగించినకొద్దీ మరలలో కూరుకోవాల్సింది పోయి, ముడుచుకుని బయటికి తోసుకొచ్చింది. ఆ సందులోంచి రెండేళ్లుగా చుక్కా చుక్కా గోడలోకి ఇంకుతోంది.

కుడిచేతివాటం మనిషి చేయి అటు తిరగదు. ఆ ఇంట్లో ఎడమచేతివాటం ఒక్కడిదే.

ఇద్దరూ చూశారు. ఆమె టేపు తీసేసి కొత్తది సరిగ్గా చుట్టింది. ట్రైనింగు సెంటరు నుంచి ఫ్యానూ, తేమ లాగే మిషనూ తెచ్చి పెట్టింది. ముప్ఫై ఎనిమిది ముప్ఫై ఒకటైంది, ఇరవై నాలుగైంది. ఐదోనాటికి పన్నెండుకి దిగింది. కొలతలన్నీ ఫైల్లో ఎక్కించాక కారణం దగ్గర ఆమె చాలాసేపు ఆగి, 'పైపు పాతబడి అతుకు వదులైంది' అని రాసింది.

మామయ్య కళ్లజోడు పెట్టుకుని ఫైలు చదివాడు.

"రెండేళ్ల పైపు పాతదా?"

"పోనిద్దురూ మామయ్యా. ఎవరు చూడొచ్చారు?"

"పరీక్ష పెట్టేవాడు చూస్తాడు. మావాడి పరువు కోసం నువ్వు ఫెయిలవుతావా?"

"ఆయన్ని తప్పుపడుతూ నా చేత్తో ఎలా రాయను?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్లీ పెట్టుకున్నాడు.

"ప్లంబర్ని పిలవరా అని ఆ పొద్దున్నే మొత్తుకున్నాను. విన్నాడా?"

ఆమె గోడవైపు తిరిగింది. "నన్ను టార్చిలైటు పట్టుకోమన్నారు. మూడు గంటలు. చెయ్యి కాస్త కదిలితే కసురుకున్నారు."

"నిన్నా? వెధవ!"

ఎనిమిది నెలల్లో ఆ ఇంట్లో అతనికి పడిన మొదటి తిట్టు అది. ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. తర్వాత ఆమెకు నవ్వొచ్చింది. ఆపుకోవాలని చూస్తే మరీ వచ్చింది.

"ఆయన బిగించిన ఆ పుస్తకాల అల్మరా గుర్తుందా మామయ్యా? అది వంకర కాదట. ఇల్లే వంకరట!"

"కట్టించినవాణ్ణి నేనే కదా, ఆ మాటా నాకే!" అన్నాడాయన. నవ్వుతూ దగ్గాడు, దగ్గుతూ కళ్లొత్తుకున్నాడు. "రాయి తల్లీ. ఉన్నదున్నట్టు రాయి."

ఆమె ఆ వాక్యం కొట్టేసి రాసింది: 'అతుకు టేపును ఎదురుదిక్కున చుట్టడం. చుట్టినవారిది ఎడమచేతివాటం.'

పరీక్ష చేయడానికి ట్రైనింగు సెంటరుకి బయటినుంచి ఒకాయన వచ్చాడు. కొలతలన్నీ వేలు పెట్టి ఒక్కొక్కటే చదివి, చివరి వాక్యం దగ్గర ఆగాడు.

"ఎడమచేతివాటమని ఎలా కనిపెట్టారు?"

"చుట్టింది మావారేనండీ."

ఆయన నవ్వాడు. "ఓసారి వెంటబెట్టుకు రండి. టేపు చుట్టడం ఐదు నిమిషాల్లో నేర్పేస్తాను."

ఆమె వెంట వచ్చి వెనక బెంచీ మీద కూర్చున్న మామయ్య అన్నాడు: "వాడు లేడండీ. ఉన్నా వినే రకం కాదు."

ఆయన తలెత్తి ఇద్దరి వంకా చూశాడు. కోడలు పెదవులు బిగబట్టినా నవ్వు ఆగలేదు, కళ్లూ ఆగలేదు. ఆయన సంతకం చేసి కాగితాన్ని ఆమె వైపు జరిపాడు.