నా నున్నటి బొమ్మ మీద నా ఫిర్యాదు

నేను ఒక రుబ్బురోలును. పద్దెనిమిది కిలోల నల్లరాయిని. మీలో చాలామంది నన్ను చూసే ఉంటారు. అదీ కంటితో కాదు, వేలితో. ఫోనులో నన్ను ఇటు తిప్పి, అటు తిప్పి, బొంగరంలా గిరగిరలాడించి, "బాగుందే" అని పక్కన పడేసిన మహానుభావులు మీరే కదా? అలా తిరిగింది నేను కాదండీ. నన్ను తిప్పాలంటే ఒక మనిషీ, ఒక నడుంనొప్పీ కావాలి. తిరిగింది నా బొమ్మ. అన్ని పక్కల నుంచీ కనిపించే ఆ సరుకును త్రీడీ బొమ్మ అంటారట. దాని సంగతి నలుగురిలో పెడదామనే ఈ కథ మొదలుపెట్టాను.

ముందు నా వంశం చెప్పాలి. వినుకొండ దాటి పడమరగా పోతే పిట్టలకొండ అని ఒకటుంది. మాది ఆ కొండ. మా తాతరాయి ఒకసారి పైనుంచి దొర్లడం మొదలుపెడితే, కింద ఆగేసరికి చేలో రెండు పంటలు కోతకొచ్చాయి. మా మేనత్త రోట్లో నూరిన గోంగూర కారానికి పక్కూరి కోడిపుంజు మిట్టమధ్యాహ్నం కూసింది. మా పెదనాన్న ఒక పెళ్లిలో గారెల పప్పు రుబ్బీ రుబ్బీ అడుగు ఊడిపోతే, ఆయన్ను పారేయలేక, మట్టి జారకుండా బావికి ఒరగా వేసుకున్నారు. నమ్మకపోతే మానెయ్యండి. రాయికి అబద్ధాలాడి బతకాల్సిన ఖర్మ లేదు.

నన్ను కొండ నుంచి విడదీసినవాడు గురవయ్య. గుండ్రంగా చెక్కి, నడిమిన గుంట తవ్విందీ ఆయనే. అక్కడితో నేను రోలునయ్యానని మీరనుకుంటారు. కాలేదు. గుంట లోపల ఉలిమొనతో వరసలు వరసలుగా చిన్న గంట్లు పెట్టాలి. దాన్ని కక్కు కొట్టడం అంటారు. ఆ గంట్లే రోలుకు పళ్లు. అవి లేని రోలు బోసినోటి ముసలాడే; పొద్దున్నుంచీ నమిలినా పప్పు పప్పుగానే ఉంటుంది. మా కొండ దగ్గర కక్కు కొట్టే పని గురవయ్యది కాదు, ఆయన భార్య అంకమ్మది.

ఆమెకొక పద్ధతి ఉంది. రోలు కొనడానికి వచ్చినావిడ ఎదురుగా నిలబడేదాకా ఉలి ముట్టదు. ముందు ఆవిడ మణికట్టు చూస్తుంది. తర్వాత, "ఏం రుబ్బుకుంటావమ్మా?" అంటుంది. మినప్పప్పు అంటే సన్నగా, దగ్గర దగ్గరగా కొడుతుంది. గోంగూర అంటే లోతుగా, ఎడంగా. ఒకావిడ గొప్పకుపోయి "అన్నీ రుబ్బుతాను" అంది. అంకమ్మ సుత్తి కింద పెట్టేసింది.

"అన్నీ రుబ్బేదానివి, నీ మొగుడు రోజూ కంచంలో దేనికోసం ఎతుకుతాడో అది చెప్పు తల్లీ. లేదా ఇంటికి పోయి కనుక్కోని రా. రాయి యాడికీ పోదులే."

ముప్పై ఏళ్లుగా ఆ చుట్టుపక్కల ప్రతి వంటింటి రుచిలోనూ కొంత ఆమె చెయ్యి ఉంది. పెళ్లిచూపుల్లో పచ్చడి బాగుంటే, "అంకమ్మ రోలా?" అని అడిగేవారు. నేను పుట్టింది ఆ చేతిలో. కాస్త పొగరుంటే ఉండదా మరి?

అలాంటి రోజుల్లో హైదరాబాదు నుంచి ఒక కారు వచ్చింది. ఇంట్లో కూర్చున్నవాళ్లకు ఫోనులోనే సామాను అమ్మే కంపెనీ వాళ్లది. పేరు చెప్పను, ఊరికే దానికి ప్రచారం ఎందుకు? దిగింది సంహిత అనే అమ్మాయి. అమ్మకాలు చూసేది ఆమే. రోళ్లన్నిట్లో నన్ను ఏరింది. అంకమ్మ అలవాటుగా ఆమె మణికట్టు చూసింది. అక్కడ గడియారం తప్ప ఇంకేం కనిపించలేదు.

"ఏం రుబ్బుకుంటావమ్మా?"

"రుబ్బడానికి కాదు ఆంటీ. ఫొటోలు తీయడానికి."

అంకమ్మ మొగుడి వైపు తిరిగింది. "ఫొటోకి ఏ కక్కు కొట్టాల మావా?"

"నీ ఇష్టమొచ్చింది కొట్టవే. ఫొటోకేమన్నా నాలుకుంటదా?" అన్నాడు గురవయ్య.

అంకమ్మకిష్టం గోంగూర. నాలుగు వందల పన్నెండు గంట్లు పెట్టింది. అలా నేను ఆమె నోటికి తగ్గ రోలునయ్యాను.

కంపెనీ ఆఫీసులో విభవ్ అనే కుర్రాడు నన్నొక తిరిగే పీట మీద కూర్చోబెట్టాడు. చుట్టూ దీపాలు. పీట కొంచెం తిప్పడం, ఒక ఫొటో. ఇంకొంచెం తిప్పడం, ఇంకో ఫొటో. రెండు వందలు తీశాడు. పెళ్లికొడుక్కి కూడా అంత మర్యాద ఉండదు. నేనూ ఉబ్బిపోయాను. తర్వాత వాటన్నిటినీ కంప్యూటర్లో కలిపి కుట్టి, నా అంత బొమ్మను నిలబెట్టాడు. నిలబెట్టి, లోపలికి తొంగిచూసి, మొహం చిట్లించాడు.

"సంహితా, లోపలంతా చుక్కలు చుక్కలుగా వచ్చింది. లైటింగ్ తేడా అనుకుంటా. క్లీన్ చేసేస్తున్నా."

ఆ కుర్రాడు పుట్టింది మిక్సీ ఇంట్లో. వాడి తప్పేముంది? పక్కనే నేనున్నాను, వేలుపెట్టి తడిమితే తెలిసిపోయేది. కానీ బొమ్మ ఉండగా రాయిని తడమడమెందుకు? అంకమ్మ పెట్టిన నాలుగు వందల పన్నెండు పళ్లూ ఒక సాయంత్రం పూట, టీ తాగుతూ, ఒక్కొక్కటే పీకేశాడు. గుంట గాజుగిన్నెలా నిగనిగలాడింది. "అబ్బ, ఎంత నీట్‌గా ఉందో!" అంది సంహిత. నన్ను తీసుకెళ్లి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టారు. నెల తిరక్కుండా నా గుంటలో టీ కప్పులు పడేయడం మొదలైంది.

ఇక బొమ్మ వైభవం చూడాలి. ఫోను నేలకేసి చూపిస్తే చాలు, అది మీ వంటింట్లో ప్రత్యక్షం. ఇక్కడ పెడితే ఎలా ఉంటుంది, అక్కడ పెడితే ఎలా ఉంటుంది అని పరీక్షలు. ఒకావిడ దాన్ని ఫ్రిజ్ నెత్తిన పెట్టింది. ఇంకొకావిడ పడుకున్న మొగుడి పొట్ట మీద పెట్టి చూసుకుంది. పద్దెనిమిది కిలోల రాయి పొట్ట మీదుంటే ఆయన గురక ఆపలేదట! అదీ దాని బరువు.

ఒక్క మంచి ఒప్పుకుంటాను. కొలతలో అది అబద్ధమాడదు. మామూలు ఫొటో చూసి కొన్న రోజుల్లో, రోలనుకుంటే అగ్గిపెట్టెంతది వచ్చిందని ఏడ్చినవాళ్లున్నారు. ఇప్పుడు గట్టు మీద పడుతుందో లేదో ముందే తెలుస్తుంది. పట్టడం తెలిసింది సరే, రుబ్బడం ఎలా తెలుస్తుంది? ఆ మాట ఎవరూ అడగలేదు. ఆర్డర్లు మాత్రం వడగళ్లలా పడ్డాయి.

కొండ దగ్గర మొదటి అరవై రోళ్లకు కాగితం వచ్చింది. పేర్లు, ఊళ్లు. అంకమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏం రుబ్బుకుంటారో రాయలేదేంది మావా?"

"ఊరుంది గదా, దాన్నిబట్టి కొట్టు."

సరే, ఊరునుబట్టే కొట్టింది. గుంటూరు అంటే గోంగూర. రాజమండ్రి అంటే మినప్పప్పు. బెంగుళూరు దగ్గర ఉలి ఆగిపోయింది.

"బెంగుళూరోళ్లు ఏం తింటారు మావా?"

"హోటల్లో తింటారు."

అరవై వెళ్లాయి. నలభైరెండు తిరిగొచ్చాయి. "వాడిన రోలు అంటగట్టారు, లోపలంతా చిల్లులే" అని ఒకరు రాశారు. "బొమ్మలో అద్దంలా ఉంది, వచ్చింది మశూచి మొహం" అని ఇంకొకరు. సంహిత ఫోను చేసింది.

"అంకమ్మ గారూ, బొమ్మలో ఎలా ఉందో రాయి అలాగే ఉండాలండీ. నున్నగా పాలిష్ పట్టించి పంపండి."

"పాలిష్ పడితే పప్పు జారిద్ది తల్లీ. నలగదు."

"కస్టమర్ అడిగింది అదేనండీ."

"కస్టమర్ని నేనడిగితే గదమ్మా, ఆమె ఏం అడిగిందో తెలిసేది!"

సంహిత ఫోను పెట్టేసింది. చూశారా ఈ విచిత్రం? నేను పుట్టిన లోకంలో బొమ్మ మనిషిలా ఉందా లేదా అని చూసేవారు. ఇప్పుడు రాయి బొమ్మలా లేదని రాయిని కొడుతున్నారు.

గురవయ్య లొంగిపోయాడు. పాలిష్ మిషను తెచ్చాడు. అంకమ్మ ఉలి గూట్లోకెక్కింది. ముప్పై ఏళ్లు పళ్లు పెట్టిన చెయ్యి, బోసి రాళ్లకు కొబ్బరినూనె రాస్తూ కూర్చుంది. ఒకరోజు గురవయ్య, "పోన్లేవే, చేతులకి సుఖం" అన్నాడు. "పాడె మీద కూడా సుఖంగానే ఉంటది" అంది ఆమె.

నున్నటి రోళ్లు ఎవరూ తిప్పి పంపలేదు. కాకపోతే నలుగురైదుగురు, "పప్పు చుట్టూ తిరుగుతోంది గానీ మెదగడం లేదు" అని రాశారు. కంపెనీకి తెలివి తక్కువా? బొమ్మ కింద ఒక ముక్క చేర్చింది: అలంకరణకు మాత్రమే. నీళ్లు పోసి పూలరేకులు వేసుకోండి, అని సలహా కూడా ఇచ్చింది. ఆర్డర్లు రెండింతలయ్యాయి. సంహిత ఆ శుభవార్త ఫోనులో చెప్పింది. అంకమ్మ విని ఫోను పక్కన పెట్టింది. మర్నాడు పొద్దున్నే బస్సెక్కింది.

ఆమె ఆఫీసులోకి వచ్చేసరికి నేను తలుపు దగ్గర టీ కప్పులు మోస్తున్నాను. నన్ను చూసి ఆగింది. వంగి, కప్పులు ఒక్కొక్కటే తీసి బయట పెట్టి, కొంగుతో గుంట తుడిచి, వేళ్లతో గంట్లు తడిమింది. "ఉన్నయ్" అనుకుంది. అప్పుడు లేచి విభవ్ దగ్గరకు వెళ్లింది.

"ఏది బాబూ, ఆ బొమ్మేదో నాకూ చూపించు."

వాడు గోడంత తెర మీద పెట్టాడు. వేలితో ఎలా తిప్పాలో నేర్పాడు. అంకమ్మ మీలా పక్కలకు తిప్పలేదు. రాయి పనివాళ్లెవరూ ముందు పక్కలు చూడరు. బోర్లించి, పగులుందా, అడుగు సమంగా ఉందా అని చూస్తారు. ఆమె బొమ్మను బోర్లించబోయింది. అది పక్కకు ఒరిగి, అక్కడే ఆగిపోయింది. మళ్లీ తోసింది. మళ్లీ ఆగింది.

"ఇదేంది, బోర్లపడదే?"

"కింద వైపు లేదు ఆంటీ. పీట మీద పెట్టి తీశాం కదా, కింద ఫొటో రాలేదు. అయినా కింద ఎవరు చూస్తారు?"

"అయితే మీరు సరుకు తనిఖీ చేసేటప్పుడు?"

"బొమ్మలో ఉన్నంతవరకూ సరిపోతే ఓకే."

అంకమ్మ ఆ మాటను నోట్లో వేసుకుని కాసేపు నమిలింది. పోట్లాడటానికి వచ్చిన మనిషి మొహంలో మెల్లగా నవ్వు వచ్చింది.

"ఆ తలుపుకాడి రాయి నాకిస్తావా? బొమ్మ తీసుకున్నారు గదా, ఇంక మీకెందుకది?"

"తీసుకెళ్లిపోండి ఆంటీ, రోజుకొకరు తట్టుకుని పడుతున్నారు."

బస్సులో నాకు అర టికెట్టు కొట్టబోయాడు కండక్టరు. పసిపిల్లలా ఒళ్లో పెట్టుకుంటే మరి కొట్టడా? ఇది మాత్రం అబద్ధం. మిగతావన్నీ నిజం.

ఇంటికి రాగానే అంకమ్మ గూట్లోంచి ఉలి దించింది. పాలిష్ పట్టి, పంపడానికి వరసగా పెట్టిన రోళ్లను ఒక్కొక్కటే బోర్లించింది. గురవయ్య పరుగెత్తుకొచ్చాడు.

"ఏందే అది? మళ్లీ తిరిగొస్తయ్యే!"

"రావు మావా. దీనికింద ఏముండాలో ఆ బొమ్మకే తెలవదు. నువ్వు గుంట తవ్వు, నేను కక్కు కొడతా."

పైన కంపెనీ వారి నున్నటి గుంట. తిరగేస్తే, కింద నాలుగు వేళ్ల లోతున అంకమ్మ గుంట. దానికి నిండా పళ్లు. అడిగే మనిషి ఎదురుగా లేదు కనుక, నన్ను ముందు పెట్టుకుని నా కక్కే అన్నిటికీ దించింది. గుంట పక్కన తన ఫోను నంబరు పది అంకెలూ చెక్కింది. పొలాల హద్దురాళ్ల మీద అంకెలు కొట్టిన చెయ్యే, ఒక్కటీ వంకర పోలేదు. తనిఖీలో అన్నీ దాటిపోయాయి. బొమ్మలో ఉన్నంతవరకూ సరిపోయాయి మరి.

నెల గడిచింది. రెండో నెలా గడిచింది. ఒక్క ఫోనూ రాలేదు. పూలరేకులు తేలుతున్నాయి కాబోలు అనుకున్నాం. గురవయ్య తవ్వుతూనే ఉన్నాడు. మూడో నెలలో ఒక మధ్యాహ్నం, అంకమ్మ నాలో గోంగూర నూరుతుండగా ఫోను మోగింది. కారపు చేత్తో ఎత్తలేక మోచేత్తో నొక్కింది. మాట గట్టిగా బయటికే వినపడింది.

"అమ్మా, నేను వరంగల్ నుంచి ఇందుమతిని. మా మిక్సీ కాలిపోయింది. మీ రోలు కడుగుదామని బోర్లేస్తే కింద ఇంకో గుంత ఉన్నది. గరుకుగ ఉన్నది. ఇదేందమ్మా? పాడైందా?"

అంకమ్మ పొత్రం పక్కన పెట్టింది. కారం అంటని మోచేత్తో కళ్లు తుడుచుకుంది. గోంగూర కారం కళ్లలో పడిందనుకుంటాను. నాకెందుకు, మీరూ అలాగే అనుకోండి.

"పాడవలేదు తల్లీ. ముందు ఇది చెప్పు. ఏం రుబ్బుకుంటావు?"

"చింతకాయ తొక్కు" అంది ఆవిడ, చిన్నపిల్ల గొంతుతో.

ఇదీ నా కథ. నేను ఇప్పుడు అంకమ్మ వంటింట్లో ఉన్నాను. టీ కప్పుల వాసన పోయింది. నా బొమ్మ మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంది. తిరగనివ్వండి, దానికి ఇంకేం చేతనవును? మీరు కూడా ఆ నున్నటి రోలు కొనుంటే ఒక మాట. పూలు తీసేసి, నీళ్లు పారబోసి, ఒక్కసారి బోర్లించండి. నడుం జాగ్రత్త. కింద పది అంకెలుంటాయి. ఫోను చెయ్యండి. ఆమె ఏమడుగుతుందో మీకు తెలుసు కనుక జవాబు ముందే ఆలోచించి పెట్టుకోండి. "అన్నీ" అన్నారంటే మాత్రం, ఆ తర్వాత వినాల్సినవాటికి నా పూచీ లేదు.