పసుపు దగ్గు

"నీది పసుపు దగ్గే" అన్నాడు గజేందర్, తలుపు సందులోంచి ఉడికిన గుడ్ల గిన్నె అందుకుంటూ. "డ్రమ్ము కాడ దుమ్ము మింగినవ్ గద. జర బెల్లం నోట్ల ఏసుకో, పోతది."

శ్యామలకు దగ్గు తెర వచ్చింది. మాట్లాడేంత ఊపిరి ఆమె దగ్గర లేదు. గోడ పట్టుకుని వంటింటి దాకా నడిచి, మొగుడి కషాయం గిన్నె మళ్లీ పొయ్యి మీద పెట్టింది.

ఆర్మూరు చుట్టుపక్కల పసుపు పండించే ఇళ్లలో ఎండాకాలం వచ్చిందంటే అందరూ దగ్గుతారు. ఉడికించి ఎండబెట్టిన కొమ్ముల్ని ఇనుప డ్రమ్ములో వేసి తిప్పుతుంటే పొట్టు దుమ్మై లేస్తుంది, ముక్కులోకీ గొంతులోకీ పోతుంది. దానికి పసుపు దగ్గు అని పేరు పెట్టి ఊరుకుంటారు, దవాఖానకు పోరు. కరోనా రెండోసారి వచ్చి పడిన ఆ ఏప్రిల్‌లో కూడా ఊరుకున్నారు. అయితే ఆడవాళ్ల దగ్గు విషయంలోనే ఊరుకున్నారు. మొగుడూ పెళ్లాలిద్దరూ ఒకే డ్రమ్ము దగ్గర పనిచేశారు. ఆమె గంపలెత్తి పోసింది, ఆయన నీడలో నిలబడి ఫోన్ మాట్లాడాడు. ఆయనకు దగ్గు రాగానే అది కరోనా అయింది. బండి మీద పోయి టెస్టు చేయించుకున్నాడు, కూలర్ ఉన్న గదిలో చేరి తలుపేసుకున్నాడు. గంపలెత్తిన మనిషిది మాత్రం దుమ్మట! ఒళ్లు పెనంలా కాలుతుంటే, ఏ దుమ్ముకు జ్వరం వస్తుందో అడిగేవాళ్లు ఆ ఇంట్లో లేరు.

ఆశా వర్కర్ రజని గేటు దగ్గర నిలబడి, "ఇంట్ల ఇంకెవరికన్న జరం గిట్ల ఉన్నదా?" అని అడిగింది. శ్యామల నోరు తెరిచేలోపే అత్త గంగమణి జవాబు చెప్పేసింది. "లేదు బిడ్డా. మా కోడలిది పసుపు దగ్గు." రజని ఎండలో ఇంకా చాలా ఇళ్లు తిరగాలి, వెళ్లిపోయింది.

"అత్తమ్మా, నాకు జరం ఉన్నది. ఒక్క పూట నువ్వు వండవా?" అంది శ్యామల, సిగ్గు విడిచి.

"నువ్వు పండుకుంటె వానికెవలు పెడ్తరే? నాకసలే షుగరున్నది, వాని గది దిక్కుకే నేను పోను. అంటుకుంటె నేను బతుకుతనా?"

అంటుకోవడమంటే ఏమిటో అత్తకు తెలియక కాదు. కొడుకు కంచం ముట్టదు, కొడుకు దుప్పటి ముట్టదు. అవన్నీ కోడలు ఉతికి, తోమి, అదే చేత్తో వండి పెడితే మాత్రం తింటుంది. గదిలోంచి గజేందర్ ఫోన్ చేశాడు. గదులకు మధ్య ఒక్క గోడే ఉన్నా ఫోనే చేశాడు. "ఇద్దరం పండుకుంటె ఇల్లెట్ల నడుస్తదే? జర ఓర్సుకో. చికెన్ సూపు జేస్తవా రాత్రికి?"

శ్యామల కోపం అప్పుడు మొదలైంది కాదు, కానీ అప్పుడు గొంతు దాకా వచ్చింది. మనిషిని దూరం పెట్టడం ఈ ఇంటికి రాకనా? ఆరడుగుల దూరం ఈ ఇంటికి సర్కారు నేర్పిందా? పెళ్లైనప్పటి నుంచి ప్రతి నెలా ముట్టైన మూడు రోజులూ ఆమెకు వెనక రేకుల గదిలో చాప, వేరే కంచం, వేరే చెంబు. పసుపు రోజుల్లోనైతే ఇంకా కట్టడి. పసుపంటే లక్ష్మి అనీ, ముట్టైన ఆడది రాశి దగ్గరికి వస్తే పసుపు చెడిపోతుందనీ కేకలు. ఆ మూడు రోజులూ గంగమణే వండుతుంది, షుగరున్నా వండుతుంది. ఏ రోగమూ లేని ఒంటిని అంటు అని మూలన కూర్చోబెట్టిన ఇల్లు, నిజంగా అంటురోగం వస్తే లేచి సూపు చేయమంటోంది!

ఆమె గరిటె కింద పెట్టింది.

"అత్తమ్మా, నేను ముట్టైన."

గంగమణి రెండడుగులు వెనక్కి వేసింది. "ఓ యమ్మో! ముంగటింట్ల రాశి ఇంకా ఎత్తనే లేదు! లెవ్వు, పొయ్యి కాడికెళ్లి లెవ్వు. ఏం ముట్టకు, గట్లనే ఎనకకు పో!"

జ్వరమని బతిమాలితే కదలని మనిషి, చీర కొంగు దోపుకుని తనే పొయ్యి ముందుకు వచ్చింది. గదిలోంచి గజేందర్ కూడా సూపు మాటెత్తలేదు. శ్యామల రేకుల గదిలో చాప మీద ఒరిగి ఏడ్చింది. బాధతో కాదు, ఒళ్లు మండి. నిజం చెబితే చెవిన పెట్టని ఇంట్లో అబద్ధానికి ఎంత మర్యాద!

కూతురు వర్షిత పదో తరగతి పిల్ల. నీళ్ల చెంబు గడప దగ్గర పెట్టి గుసగుసగా అడిగింది. "మమ్మీ, నీకింకా వారం టైమున్నది గద?"

"అబద్ధమాడిన బిడ్డా. నాకు కరోననే ఉన్నట్టుంది. నువ్వు జర దూరం నిలవడు, రజనక్కకు ఫోన్ చెయ్."

రజని ఈసారి పెరటి దారిన వచ్చింది. శ్యామల వేలికి తొడిగిన ఆక్సిజన్ మిషన్‌లో అంకె చూసి ఆమె మొహం మారిపోయింది. వెంటనే ఆటో పిలిపించి దవాఖానకు తీసుకుపోయింది. పాజిటివ్. ఇంకొన్నాళ్లు ఆలస్యమైతే ఆక్సిజన్ పెట్టాల్సి వచ్చేదని, మందులు వాడుతూ లేవకుండా పడుకోవాలని డాక్టరు గట్టిగా చెప్పాడు. శ్యామల పెరటి దారినే తిరిగొచ్చి మళ్లీ చాప మీదే పడుకుంది; ముట్టు గది దిక్కు అత్త చూడనే లేదు.

మూడు రోజులు కాగానే గంగమణి పెరట్లో నిలబడి కేకేసింది. "తలకు పోసుకొని రావే, నా నడుములు పడిపోయినయ్." కోలుకున్న గజేందర్ కూడా తల్లి వెనక వచ్చి నిలబడ్డాడు.

శ్యామల గడపలోకి వచ్చి, మాస్కు సర్దుకుని చెప్పింది. "నాకు ముట్టు కాలేదు. కరోన ఒచ్చింది. జరమని చెప్తె మీరు ఇనలే, గందుకే గట్ల చెప్పిన."

వాళ్లు కంగారుపడతారనుకుంది. కనీసం తిడతారనుకుంది. గంగమణి గుండె మీద చెయ్యి వేసుకుని నిట్టూర్చింది. "అంటె రాశికి మైల తాకలేదన్నట్టు. నీ నోట్ల చక్కెర వొయ్య!"

గజేందర్ మొహం కూడా తేటపడింది. "నాకెట్లగూ ఒచ్చి పోయింది, నాకింక భయం లేదు. ముట్టు కాకపోతే మరి ఒంటింట్లకు రావచ్చు గద? మూతికి గుడ్డ కట్టుకొని నా మందం వండు."

శ్యామల ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. దగ్గు వచ్చింది. అది తగ్గేదాకా ఆగి, తొందరపడకుండా చెప్పింది.

"రోగమొచ్చింది, పండుకుంట. తగ్గేదాక లెవ్వ. గని ఇంకో మాట ఇనుండ్రి. ఇంక ముట్టైనప్పుడు మాత్రం ఈ రేకుల గదిల పండుకోను. ఒచ్చి గా పసుపు రాశి కాడనే కూసుంట."