ఒప్పుకోలు

పులుసులోకి చింతపండు పిసుకుతుంటే యమున వేళ్ళు భగ్గున మండాయి. ఐసు నీళ్ళలో రొయ్యలు ఒలిచి ఒలిచి గోళ్ళ పక్కన చర్మం చీలిపోయింది. చేతులు కడుక్కుందామని లేస్తుంటే అరుగు మీంచి మొగుడు లక్ష్ముడి గొంతు వినబడింది.

“మా ఆడదానికేటి సార్, ఒప్పుకుంటాది. నాను సెప్పినాక కాదంటాదేటి?”

ఫోన్లో అవతల ఉన్నది రొయ్యల ఫ్యాక్టరీ మేనేజర్ రమేష్‌బాబు. యమున పనిచేసేది అక్కడే. ఫ్యాక్టరీలో ఆడవాళ్ళకి రాత్రి షిఫ్టు పెడతారట. వాళ్ళని తీసుకెళ్ళి దింపే బాడుగ లక్ష్ముడి వ్యానుకే ఇస్తామన్నారు.

“ఏటి మావా నాను ఒప్పుకునేది?”

“రేత్రి పని. అమెరికావోడు మన రొయ్యల మీద పన్నేసినాడు. మనం తగ్గుతామేటి? రేత్రీ పగలూ సేసి ఇంకా సరుకు పంపాల. ఆడోళ్ళు రేత్రి పని సెయ్యొచ్చని గవర్మెంటు కూడా సట్టం మార్సీసింది. దేశం కోసం ఆమాత్రం సెయ్యలేవా? పగలు ఇంటికాడే ఉంటావు గదా, వంటకీ ఇబ్బందుండదు.”

ఆ ఆఖరి మాట అతను ఎంతో మేలు చేస్తున్నట్టు అన్నాడు. పగలు వంట, రాత్రి రొయ్యలు. మధ్యలో యమున పడుకోవాలన్న సంగతి అతని లెక్కలోకే రాలేదు. దేశం! ఇన్నేళ్ళలో ఆ దేశం ఒక్కసారైనా తన గుమ్మంలోకి వచ్చి, తిన్నావా అని అడిగిందా? బాత్రూంకి వెళితే సూపర్‌వైజర్ తలుపు బాదుతున్నాడని ఆడవాళ్ళంతా లేబర్ ఆఫీసుకి వెళితే, “గొడవ చేస్తే కంపెనీ పక్క రాష్ట్రానికి పోతుందమ్మా” అన్నారు. కంపెనీని అడిగితే, “కొనేవాళ్ళు ఇంకో దేశంలో కొనుక్కుంటారు” అన్నారు. ఇంట్లో నోరెత్తితే, “ఉద్యోగం సెయ్యనిచ్చినందుకు ఎగస్పడతన్నావు” అని మొగుడు. “రొయ్యల కంపుతో నా మంచం దగ్గరికి రాకే” అని అత్త, ఆ జీతంతో కొన్న మందులు మింగుతూనే. అందరిదీ ఒకటే బెదిరింపు. కాదంటే ఉన్నదీ పోతుందట, తనే సర్దుకోవాలట.

మర్నాడు పొద్దున్నే ఫ్యాక్టరీ ఆవరణలో షామియానా వేశారు. ఒక పక్క జాతీయ జెండా, ఇంకో పక్క కంపెనీ బ్యానరు. కుర్చీల్లో లేబర్ ఆఫీసరు, రమేష్‌బాబు, సరుకు కొనే కంపెనీ తరఫున వచ్చిన ఒక విదేశీ మేడం. పనివాళ్ళందరికీ కొత్త గ్లోవ్స్ ఇచ్చి, మేడం వెళ్ళాక తిరిగి ఇచ్చెయ్యాలన్నారు.

“ఆడవాళ్ళు ఎదగాలనే ప్రభుత్వం ఈ అవకాశం ఇచ్చింది. బలవంతమేమీ లేదు. ఒప్పుకున్నవాళ్ళు చెయ్యెత్తండి” అన్నాడు ఆఫీసరు. వరసల మధ్య సూపర్‌వైజర్లు తిరుగుతున్నారు. చేతులు లేచాయి. పక్కన నిలబడ్డ దాలమ్మ కూడా యమున వైపు చూస్తూ సగం ఎత్తింది.

యమున ఎత్తలేదు. రమేష్‌బాబు ఆఫీసరు చెవిలో ఏదో గొణిగాడు.

“ఏమ్మా? మీ ఆయన ఒప్పుకున్నాడట కదా?” అన్నాడు ఆఫీసరు.

“నన్నడగండి సార్. నాను ఒప్పుకోను. పగలు ఇల్లూ రేత్రి ఫ్యాక్టరీ అయితే, నాను నిద్దరెప్పుడు పోవాల?”

ఈమె ఏమంటోందని మేడం అడిగింది. రమేష్‌బాబు నవ్వుతూ ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. అందులో ‘హ్యాపీ’ అన్న మాట యమున చెవిన పడింది.

“నో హ్యాపీ!” అని అరిచింది. గ్లోవ్స్ లాగేసి, చీలిన వేళ్ళు చాపింది.

మేడం చూసింది. చూసి, మెల్లిగా ఏదో అని తల తిప్పుకుంది. “మీ దేశ చట్టాల్లో మేం కలగజేసుకోం అంటున్నారు” అన్నాడు రమేష్‌బాబు. ఆఫీసరు చిరాగ్గా, “కొనేవాళ్ళు అడుగుతుంటే ప్రభుత్వం మాత్రం ఏం చేస్తుందమ్మా?” అన్నాడు.

తప్పు ఒకరి మీదికొకరు తోసుకుంటున్న ఆ ముగ్గురినీ యమున అసహ్యంగా చూసింది. పక్కన దాలమ్మ చెయ్యి కిందకి దిగింది. వెనక వరసల్లో ఇంకొన్ని దిగాయి. ఫొటోలు తీసేవాడు కెమెరా దించేశాడు.

యమున ఇల్లు చేరేసరికే కబురు వచ్చేసింది. లక్ష్ముడు గుమ్మంలోనే విరుచుకుపడ్డాడు.

“రేపట్నుంచి నిన్ను రావద్దన్నారు! నా బాడుగా పోనాది. ఒప్పుకుంటాదని మాటిచ్చినాను. ఇప్పుడా మేనేజరుకి ఏ మొకం సూపించాలే?”

భయపడుతున్నానేమోనని యమున తనని తానే చూసుకుంది. భయం ఉంది. రేపు ఇల్లెలా గడుస్తుందన్న దిగులూ ఉంది. అయినా మాట తడబడలేదు.

“దాలమ్మ ఇంటికాడ ఆడోళ్ళం కూడుతన్నాం. ఏటి సెయ్యాలో మాట్లాడుకుంటాం, నానెల్తన్నాను” అంది చెప్పులు వేసుకుంటూ. “మాటిచ్చినోడివి నువ్వు గదా మావా. రేత్రి పనికి నువ్వెల్లు.”